ముల్లు మారిస్తే చాలా, మిషనే మార్చాలా?

కర్నూలు పాతబస్తీలోనో, కడపలోనో, అనంతపురంలోనో పాత మిద్దె పడగొట్టి కొత్తిల్లు కట్టుకునే ముందు అటక ఖాళీ చేస్తారు. ఇత్తడి బిందెలు, చెదలు పట్టిన పంచాంగాలు, వాటి వెనక నుంచి ఒక పెట్టె దిగుతుంది. మూత ఎత్తితే లోపల రికార్డ్ ప్లేయర్. దానికి జతగా ట్రంకు పెట్టె నిండా ప్లేట్లు. పెద్దవాళ్ళు ఒక్కో ప్లేటూ తీసి, కొంగుతో దుమ్ము తుడిచి, లేబుల్ మీది పేరు చదువుతారు. పిల్లలు ప్లగ్గు పెడతారు. పళ్ళెం తిరుగుతుంది గానీ పాట సాగదీసినట్టు, బొంగురుగా, నడుమ గరగరలతో వస్తుంది. దీన్నే బాగు చేయించి కొత్త ముల్లు వేయించుకోవాలా, దీన్ని పక్కన పెట్టి కొత్తది కొనాలా అన్న మాట అక్కడే మొదలవుతుంది.

జవాబు కోసం చాలామంది మిషను వైపు చూస్తారు. ఎన్నేళ్ళ నాటిది, ఏ కంపెనీ, మెకానిక్ ఎంత అడుగుతున్నాడు అని. ముందు చూడాల్సింది ఆ ట్రంకు పెట్టె వైపు. మిషను పోతే ఇంకో మిషను వస్తుంది. తాత కొన్న పద్యాల ప్లేటు గాడి అరిగితే, అరిగిన మేరకు ఆ గొంతు మళ్ళీ రాదు. ఇంట్లో ఉన్న ప్లేట్లు ఏ రకం, వాటి మీద ఏ ముల్లు ఎంత బరువుతో నడవబోతోంది అన్న రెండు సంగతులు తేలితే, కొనడమా బాగు చేయించడమా అన్నది సగం తేలినట్టే.

ప్లేట్లు ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది 78. నిమిషానికి 78 చుట్లు తిరిగేది. లక్కలో రాతిపొడి కలిపి అచ్చు వేసినది కాబట్టి బరువుగా ఉంటుంది, చేయి జారితే చట్టి పగిలినట్టు పగులుతుంది. నాటక పద్యాలు, హరికథలు, ఘంటసాల తొలినాళ్ళ పద్యాలు, పాత సినిమా పాటలు ఎక్కువగా వీటి మీదే ఉంటాయి. మన దేశంలో 1960ల దాకా 78లు వచ్చాయి. రెండోది ఎల్పీ. 1948లో అమెరికాలో మొదలైన, నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే వినైల్ ప్లేటు. మూడోది ఏడంగుళాల 45 చుట్ల చిన్న ప్లేటు. 78 గాడి వెడల్పు, మిగతా రెండింటి గాడి సన్నం. 78కి కావలసిన ముల్లు కొన వ్యాసార్ధం సుమారు 75 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), ఎల్పీకి గుండ్రటి కొన అయితే 18 మైక్రాన్లు. నాలుగు రెట్ల తేడా. ఎల్పీ ముల్లును 78 మీద పెడితే అది గాడి అడుగుకు దిగిపోయి, పాట ఉన్న పక్కగోడలను వదిలేసి అడుగున పేరుకున్న దుమ్మును చదువుతుంది. 78 ముల్లును ఎల్పీ మీద పెడితే గాడిలో దిగలేక పై అంచులను నలుపుకుంటూ పోతుంది. చాలా పాత ప్లేయర్లలో ముల్లును మోసే చెయ్యి కొనన, తలకాయ దగ్గర ఒక చిన్న మీట ఉండేది, ఒక వైపు 78, ఇంకో వైపు ఎల్పీ అని రాసి. ఆ మీట తిప్పడం మర్చిపోవడం వల్ల ఇళ్ళలో పాడైన ప్లేట్లు ఎన్నో.

బరువు సంగతి ఇంకా ముఖ్యం. కీ ఇచ్చి తిప్పే బూర గ్రామఫోన్‌లో ముల్లు బిగించి ఉండే సౌండ్ బాక్స్ నూరు గ్రాములకు పైగా ఒత్తుతుంది, ఉక్కు ముల్లు ఒక్కో వైపుకు ఒక్కోటి మార్చాలి. దాని మీద 78 తప్ప ఇంకేమీ పెట్టకూడదు. ఎల్పీ పెడితే మొదటిసారికే గాడి చెక్కేస్తుంది. కరెంటు ప్లేయర్లు వచ్చాక ఆ బరువు గ్రాముల్లోకి దిగింది. ముల్లును పట్టి ఉంచి, దాని అదురును కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగాన్ని కార్ట్రిడ్జ్ అంటారు. హెచ్ఎంవీ ఫియస్టా లాంటి పెట్టె ప్లేయర్లలో ఉండే క్రిస్టల్, సిరామిక్ కార్ట్రిడ్జ్‌లు సుమారు 5 నుంచి 8 గ్రాములు ఒత్తుతాయి. ఆ తర్వాతి, చిన్న అయస్కాంతంతో పనిచేసే మూవింగ్ మాగ్నెట్ రకానికి 2 గ్రాముల చుట్టుపక్కల చాలు. ముల్లు కొన గాడిని తాకే చోటు కంటికి ఆననంత చిన్నది. అంత చిన్న చోట ఒక్కో గ్రాము పెరిగినా వినైల్ మీద పడే ఒత్తిడి చాలా ఎక్కువ.

పాట ఎగిరిపోతోందని తలకాయ మీద రూపాయి బిళ్ళ పెట్టే అలవాటు ఇప్పటికీ ఉంది. 2011లో వచ్చిన రకం రూపాయి నాణెం బరువు 3.79 గ్రాములు. 2 గ్రాములతో నడవాల్సిన ముల్లు మీద అది పెడితే బరువు దాదాపు మూడింతలు అవుతుంది. పాట ఎగరడం ఆగుతుంది, నిజమే. ఎగరడానికి కారణమైన అరిగిన ముల్లో, బిగుసుకున్న చెయ్యో అలాగే ఉండి, దాని ఖర్చు ప్లేటు భరిస్తుంది. పాత ప్లేయర్ బిళ్ళ లేకుండా పాడలేకపోతుంటే, బాగు చేయించేదాకా దాని మీద మంచి ప్లేటు పెట్టకపోవడమే మేలు.

మన వైపు దొరికే ప్లేట్లలో ఇంకో తరగతి ఉంది, మైకుసెట్టు ప్లేట్లు. పెండ్లికీ, జాతరకీ, ఉరుసుకీ చెట్టుకు బూర కట్టి తెల్లవార్లూ పాటలు వేసిన మైకుసెట్ల వాళ్ళ దగ్గర వందల ప్లేట్లు ఉండేవి. సినిమా మాటల ఎల్పీలను జనం పాటల కన్నా ఇష్టంగా విన్న రోజులవి. ఒక్కో ప్లేటు వందలసార్లు, బరువైన చేతుల కింద, దుమ్ములో ఆడింది. వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని చూస్తే నల్లగా మెరవాల్సిన గాళ్ళు బూడిద రంగులో మాసి కనిపిస్తాయి. అలాంటి ప్లేట్ల కోసం ఖరీదైన మిషను కొన్నా పోయిన శబ్దం తిరిగి రాదు. ఆకారం వేరేగా ఉన్న ముల్లు గాడిలో అరగని ఎత్తును తాకి కొంత బాగా పలికిన సందర్భాలు ఉన్నాయి గానీ, దాని మీద ఆశ పెట్టుకుని డబ్బు పెట్టడం మంచిది కాదు. ఇంట్లో ఉన్నవన్నీ ఇవే అయితే పాత ప్లేయర్‌నే తక్కువ ఖర్చుతో నడిపించుకోవచ్చు.

ఇక మిషను దగ్గరికి. పాత ప్లేయర్లన్నిటినీ ఒకే గాటన కట్టడం వల్లే సలహాలు తప్పుతాయి. ఫియస్టా తరహా పెట్టె ప్లేయర్‌ది ఒక కథ. దానికి ఆంప్లిఫయర్, స్పీకరు అన్నీ అందులోనే. మోటారు మీద రబ్బరు చక్రం ఒరిగి, ఆ చక్రం పళ్ళెం అంచును తిప్పుతుంది. ఏళ్ళ తరబడి ఒకేచోట ఒత్తుకుని ఉండిపోతే ఆ రబ్బరు మీద సొట్ట పడుతుంది. ప్రతి చుట్టుకూ వినిపించే డుబ్ డుబ్ శబ్దం దానిదే. కార్ట్రిడ్జ్ క్రిస్టల్ రకమైతే అందులో వాడే రోషెల్ లవణం వేడికీ తేమకూ చెడిపోతుంది. రేకుల కింది అటక మీద ఇరవై వేసవులు గడిపిన క్రిస్టల్ కార్ట్రిడ్జ్ పలకకపోతే ఆశ్చర్యపడాల్సింది లేదు. సిరామిక్ రకం కొంత గట్టిది.

ఇలాంటి పెట్టెను ఆధునికం చేద్దామని, ఆ చేతికే మంచి మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ తగిలించే ప్రయత్నం చేయకూడదు. కారణాలు స్పష్టం. ఆ చేతి కీళ్ళు 6 గ్రాముల బరువుకు తగ్గట్టు చేసినవి. 2 గ్రాములతో పెడితే కీలు దగ్గరి రాపిడినే ముల్లు దాటలేక గాడిలోంచి బయటికి దూకుతుంది. మూవింగ్ మాగ్నెట్ ఇచ్చే సిగ్నల్ కొన్ని మిల్లీవోల్టులే. దాన్ని పెంచి, సరిదిద్దే ఫోనో ప్రీఆంప్ కావాలి. ఎల్పీ అచ్చు వేసేటప్పుడే బేస్ తగ్గించి, ట్రెబుల్ పెంచి గాడి కోస్తారు. 1954లో ఖాయమైన లెక్క ప్రకారం వినేటప్పుడు దాన్ని తిరగేయాలి. ఆ పని చేసేది ప్రీఆంపే. ఇంత చేసినా, కిందనే తిరిగే పాత మోటారు అయస్కాంత ప్రభావం, దాని అదురు ఆ సున్నితమైన కార్ట్రిడ్జ్‌లోకి గుయ్యిమంటూ ఎక్కుతాయి. మూడు ఖర్చులు పెట్టి ఒక చెడ్డ శబ్దం కొనుక్కున్నట్టు అవుతుంది. ఈ పెట్టెకు చేయించాల్సింది వేరే: దానికి సరిపడే కొత్త ముల్లు, రబ్బరు చక్రం, ఎండిపోయిన కెపాసిటర్లు, ముద్దకట్టిన గ్రీజు తీసి కొత్త నూనె. పాత రేడియో పని తెలిసిన మెకానిక్ ఎవరైనా ఈ పని చేయగలరు. అలా చేయించి, దాన్ని 78లకు అప్పగిస్తే నిశ్చింత. గాడి పెద్దది, ప్లేటు గట్టిది, ఆ బరువును అది భరిస్తుంది.

రాయచోటి, రాజంపేట వైపు ఇళ్ళలో ఇంకో రకం మిషను కనిపిస్తుంది. కువైట్ వెళ్ళి వచ్చినవాళ్ళు తెచ్చుకున్న జపాన్ స్టీరియో. టేపురికార్డరు, రేడియో, పైన టర్న్‌టేబుల్. కొందరు విడి టర్న్‌టేబుల్ కూడా తెచ్చుకున్నారు. వీటిని పాత సామాన్ల బండికి వేసేముందు వెనక వైపు అతికించిన రేకు చదవాలి. దాని మీద వోల్టులతో పాటు 50 హెర్ట్జ్ అనో 60 హెర్ట్జ్ అనో ఉంటుంది. హెర్ట్జ్ అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క. పాత రకం ఏసీ మోటారు కరెంటు హెర్ట్జ్‌ను బట్టే తిరుగుతుంది. మన కరెంటు 50. కువైట్‌లోనూ 50, 240 వోల్టులు. అక్కడ వాడిన మిషను ఇక్కడ సరిగ్గానే తిరుగుతుంది. సౌదీ కరెంటు 60. అమెరికాదీ 60, పైగా 120 వోల్టులు. అక్కడి నుంచి వచ్చిన ఏసీ మోటారు మిషను ఇక్కడ ఆరింట ఐదు వంతుల వేగంతోనే తిరుగుతుంది. 33⅓ బదులు 27.8 చుట్లు. పాట హార్మోనియం మీద మూడు మెట్లు కిందికి దిగుతుంది, సుశీల గొంతు మగగొంతు వైపు జారుతుంది. వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ కొంటే సరిపోతుందని అనుకుంటారు. అది వోల్టులను మారుస్తుంది, హెర్ట్జ్‌ను మార్చదు. మిషను కాలిపోకుండా ఉంటుంది, పాట మాత్రం అలాగే సాగుతుంది.

దీనికి విరుగుడు ఉంది. మోటారు ఇరుసుకు ఉండే పుల్లీని 50 హెర్ట్జ్‌కు చేసిన దానితో మార్చాలి. దాని వ్యాసం ఐదో వంతు పెద్దదిగా ఉంటుంది. కొన్ని కంపెనీలు రెండు పుల్లీలూ ఇచ్చేవి, పెట్టెలోనే ఒక మూల దొరుకుతుంది. లేకపోతే లేతు మిషను దగ్గర తిప్పించవచ్చు గానీ, వెంట్రుక వాసి ఒడిదుడుకు ఉన్నా ఆ లోపం పాటలో ఊగులాటగా వినిపిస్తుంది. ఖచ్చితంగా తిప్పే చెయ్యి తెలిసి ఉంటేనే ఆ పని పెట్టుకోవాలి. డైరెక్ట్ డ్రైవ్ మిషన్లకూ, లోపల డీసీ మోటారు ఉన్నవాటికీ ఈ బెడద లేదు, వోల్టేజీ సరిచూసుకుంటే చాలు. డైరెక్ట్ డ్రైవ్ అంటే బెల్టూ, రబ్బరు చక్రమూ లేకుండా పళ్ళేన్ని మోటారే నేరుగా తిప్పడం. 1972లో వచ్చిన టెక్నిక్స్ ఎస్ఎల్-1200 వరసను కంపెనీ 2010లో ఆపేసి 2016లో మళ్ళీ తెచ్చింది. యాభై ఏళ్ళ నాటి పనితనానికి ఇప్పటికీ గిరాకీ ఉందన్నమాట. కువైట్ పెట్టెల్లోంచి అలాంటి జపాన్ డైరెక్ట్ డ్రైవ్ మిషను ఏదైనా బయటపడితే అది అదృష్టమే. కొత్త ముల్లు వేసి, చేతి వెనక ఉన్న బరువును సరిచేస్తే, నేటి చవక ప్లేయర్ ఏదీ దాని దరిదాపులకు రాదు.

మిషను నడిచే స్థితిలో ఉందో లేదో మెకానిక్ దగ్గరికి పోకముందే ఇంట్లో తెలుసుకోవచ్చు. పళ్ళెం అంచున చిన్న కాగితం ముక్క అతికించి, ప్లేటు మీద ముల్లు నడుస్తుండగానే చుట్లు లెక్కపెట్టాలి. 33⅓ వేగంలో సరిగ్గా 3 నిమిషాలకు 100 చుట్లు రావాలి. 100 చుట్లకు 3 నిమిషాల 10 సెకన్లు పట్టిందంటే వేగం 5 శాతానికి పైగా తగ్గినట్టు, అంటే దాదాపు ఒక మెట్టు. బెల్టు సాగినా, ఇరుసులో నూనె బంకలా మారినా ఇలా అవుతుంది. రెండూ చిన్న ఖర్చులే. నూనె విషయంలో ఒక మాట: చేతికందిందని కొబ్బరినూనె వేస్తే కొన్నాళ్ళకు అదే బంక అవుతుంది. కుట్టుమిషను నూనె ఒకటి రెండు చుక్కలు చాలు, అదీ రబ్బరుకు తగలకుండా.

తర్వాత చెయ్యి. బరువు సరిచేసే దిమ్మ ఉన్న చెయ్యి అయితే దాన్ని గాలిలో సమంగా తేలేటట్టు తిప్పి, మెల్లగా ఊదాలి. ఊపిరి గాలికే పక్కకు కదిలి, అడ్డు లేకుండా తిరిగి నిలవాలి. మధ్యలో ఎక్కడైనా పట్టేసినట్టు ఆగిందంటే కీలు పాడైనట్టు. దాన్ని బాగు చేయడం బెల్టు మార్చినంత తేలిక కాదు. పాత మిషను మీద ఆశ వదులుకోవాల్సిన సందర్భం ఏదైనా ఉంటే అది ఇదే. మోటారు ఆగితే బాగు చేయించవచ్చు, చెక్క పాడైతే వడ్రంగి చేస్తాడు, వైర్లు మార్చవచ్చు. కీళ్ళు వదులైన, బిగిసిన చేతికి కొత్త ముల్లు వేయడం అంటే ఆ ముల్లునూ ప్లేటునూ కలిపి పాడుచేసుకోవడం.

ముల్లు సంగతికి గడియారాల రిపేరు వాళ్ళ కంటి భూతద్దం చాలదు, మైక్రోస్కోపు కావాలి. కొన గుండ్రంగా కాక ఒక పక్క చదునుగా మెరుస్తుంటే అరిగినట్టు. వజ్రపు ముల్లుకు రకాన్ని బట్టి 300 నుంచి 1000 గంటల దాకా ఆయుష్షు చెబుతారు, నీలపు ముల్లు అందులో చిన్న భాగమే మన్నుతుంది. ఎన్ని గంటలు నడిచిందో తెలియని ముల్లును అరిగినదనే అనుకోవాలి. గంటల లెక్క తక్కువైనా, ముల్లును పట్టి ఉంచే చిన్న రబ్బరు మన ఎండలకు గట్టిపడి ఉంటుంది. ముప్పై ఏళ్ళ కిందట కొని పెట్టెలోనే ఉంచిన సీలు తీయని ముల్లుకూ ఈ మాట వర్తిస్తుంది. అలాంటిది ఎక్కువ ధర పెట్టి కొనేకన్నా ఇప్పుడు తయారవుతున్నది కొనడం నయం.

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కర్నూలును ముంచినప్పుడు నీళ్ళలో నానిన ప్లేయర్లు కొన్ని ఇళ్ళలో ఇప్పటికీ ఉన్నాయి. వాటి ప్లైవుడ్ పెట్టె ఉబ్బి ఉంటే పళ్ళెం సమంగా నిలవదు, మోటారు చుట్టలోకి బురద పోయి ఉంటే కరెంటు పెట్టడమే ప్రమాదం. వాటిని జ్ఞాపకంగా దాచుకోవడమే మంచిది. ఆ ఇళ్ళ వినైల్ ప్లేట్లు మాత్రం చాలావరకు బతికే ఉంటాయి. లేబుళ్ళు, అట్టలు పోతాయి గానీ గాడిలోని ఒండ్రుమట్టిని కడిగితే పాట ఉంటుంది. కడిగేటప్పుడు రెండు జాగ్రత్తలు. కర్నూలు, కడప, అనంతపురం బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ, ఆరాక గాడిలో తెల్లటి పొడి మిగులుతుంది. ఆఖరు కడుగు బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్‌తో ఉండాలి. రెండోది, 78 ప్లేటుకు స్పిరిట్ తగలకూడదు. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది, చెక్కకు లక్క పాలిష్ పట్టే వడ్రంగులకు తెలిసిన సంగతే. ఒక్క తుడుపుతో 78 గాడి చెరిగిపోతుంది.

కొత్తది కొనడం అంటే మంచిది కొనడమే అనే భ్రమ చాలామందిలో ఉంది. ఆన్‌లైన్‌లో అందరికన్నా ముందు కనిపించేవి సూట్‌కేస్ ప్లేయర్లు. రంగురంగుల పెట్టె, బ్లూటూత్, మూడు వేగాలు. లోపల ఉన్నది చూస్తే ఎక్కువ వాటిలో అదే సిరామిక్ కార్ట్రిడ్జ్, 5 గ్రాముల చుట్టుపక్కల బరువు, సరిచేసుకునే దిమ్మ లేదు, పళ్ళెం ఎల్పీ కన్నా చిన్నది. పాత ఫియస్టా చేసే పనినే అంతకన్నా తేలికపాటి ప్లాస్టిక్‌తో చేస్తుంది. 78 వేగం ఉందని రాస్తారు గానీ 78 ముల్లు ఇవ్వరు. పైగా స్పీకర్లు అదే పెట్టెలో ఉండటం వల్ల వాటి అదురు ముల్లుకు ఎక్కుతుంది. బాగున్న పాత పెట్టెను తీసేసి దీన్ని కొనడం నష్టపు బేరం. దీన్ని సలహా ఇవ్వడం ఎవరికీ తగదు.

కొత్తది కొనాలనుకుంటే మెట్టు ఇంకొంచెం పైన మొదలవుతుంది. ఆడియో-టెక్నికా ఎల్పీ60ఎక్స్ లాంటివి మీట నొక్కితే చెయ్యి తనంతట తానే లేచి ప్లేటు మీద వాలుతుంది, పాట అయ్యాక వెనక్కి పోతుంది. చేతులు వణికే పెద్దవాళ్ళకు ఇది చాలా పెద్ద సదుపాయం, ఈ ఒక్క కారణానికే దీన్ని ఎంచుకోవచ్చు. ముల్లు 3 గ్రాముల దగ్గర నడుస్తుంది, ప్రీఆంప్ లోపలే ఉంది, ఇంట్లో ఉన్న హోమ్ థియేటర్ ఆక్స్‌కు నేరుగా తగిలించవచ్చు. 33, 45 మాత్రమే ఆడుతుంది. ఆ పైన ఎల్పీ120ఎక్స్‌లో డైరెక్ట్ డ్రైవ్, సరిచేసుకునే బరువు, 78 వేగం ఉన్నాయి. దాని వీఎం95 వరస కార్ట్రిడ్జ్‌కు ఒళ్ళు ఒకటే, ముల్లు లాగి వేరేది తొడగవచ్చు. ఆ వరసలో 78 కోసం ప్రత్యేకంగా చేసిన ముల్లు కూడా ఉంది. ఒకే మిషను మీద రెండు రకాల ప్లేట్లూ వినాలనుకునే ఇంటికి ఇంత సూటిగా సరిపోయేవి తక్కువ. రేగా ప్లానార్ 1 లాంటివి ఎల్పీలకు శబ్దంలో బాగుంటాయి గానీ, 78 వేగమే లేదు కాబట్టి పద్యాల ప్లేట్లున్న ఇంటికి పనికిరావు.

మన ఊళ్ళలో అమ్మకం తర్వాతి సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. ముల్లో బెల్టో కావాలంటే కర్నూలు వాళ్ళు హైదరాబాద్ కోఠికి, అనంతపురం వాళ్ళు బెంగళూరు ఎస్పీ రోడ్డుకి, కడప వాళ్ళు చెన్నై రిచీ స్ట్రీట్‌కి పోయి చూడాల్సి వస్తుంది. ఎటు పోయినా రెండువందల పైచిలుకు కిలోమీటర్లు. ఆన్‌లైన్‌లో విదేశం నుంచి తెప్పిస్తే పోస్టేజీ, కస్టమ్స్ కలిసి చిన్న రబ్బరు చక్రం ఖరీదు ఎక్కడికో పోతుంది. అందుకే పాత మిషనుకు డబ్బు పెట్టే ముందు దాని కార్ట్రిడ్జ్ నంబరు చూసి, ఆ ముల్లు ఇప్పటికీ తయారవుతోందా అని తెలుసుకోవాలి. ముల్లు దొరకని పాత మిషను ఎంత అందంగా ఉన్నా అలంకారమే. దొరికేటట్టయితే ముల్లు, బెల్టు, మెకానిక్ కూలి, ప్రీఆంప్ అన్నీ కూడి చూడాలి. ఆ మొత్తం, మన ప్లేట్లకు సరిపోయే కొత్త మిషను ధరలో సగం లోపు ఉంటే బాగు చేయించడం, సగం దాటితే కొనడం అన్నది ఆచరణలో సరైన గీత.

ఏది ఎంచుకున్నా అది కూర్చునే చోటు శబ్దాన్ని సగం నిర్ణయిస్తుంది. ఈ విషయంలో రాయలసీమకు ఒక వరం ఉంది, కడప బండ. ఇంగ్లండులో పాత టర్న్‌టేబుళ్ళ ప్రేమికులు గరార్డ్ లాంటి మిషన్లకు పలకరాతి దిమ్మలు ప్రత్యేకంగా చెక్కించుకుంటారు, బరువైన రాయి అదురును మింగుతుందని. మన ఇళ్ళలో వంటింటి అలమరకు వాడే నల్ల సున్నపురాయి బండ ఆ పని చక్కగా చేస్తుంది. రెండడుగుల చదరం, అంగుళం మందం ఉన్న ముక్క పాతిక కిలోలు తూగుతుంది. గోడలోకి బిగించిన బండ అలమర అయితే ఇంకా మేలు, నడిచే అడుగుల అదురు కూడా రాదు. స్పీకర్లను మాత్రం అదే బండ మీద పెట్టకూడదు. పడమటి ఎండ పడే గోడ పక్కన, రేకుల కింద, కిటికీ మూసిన కారులో ప్లేట్లు ఉంచితే 40 డిగ్రీలు దాటే మన వేసవికి వినైల్ వంకర పోతుంది. ప్లేట్లను పుస్తకాల్లా నిలువుగా పేర్చాలి. అనంతపురం పొడిగాలికి దుమ్ము ప్లేటుకు అంటుకుని వదలదు, మూత ఉన్న మిషను ఎంచుకోవడం అక్కడ అవసరం. కరెంటు పోయినప్పుడు పాత రకం స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ఏసీ మోటారు ప్లేయర్ నడిపితే మోటారు గుయ్యిమంటుంది, ఆ కాసేపు ఆపేయడమే దానికి మంచిది.

ఇదంతా ఒక ఇంటికి వర్తింపజేసి చూద్దాం. కడపలో ఒక ఇల్లు. నలభై 78లు, అందులో సగం నాటక పద్యాలు. అరవై ఎల్పీలు, చాలావరకు మెరుస్తున్నవే. ఒక ఫియస్టా తరహా పెట్టె, పలుకుతుంది గానీ డుబ్ డుబ్ అంటుంది. కువైట్ నుంచి వచ్చిన ఒక జపాన్ స్టీరియో, 50 హెర్ట్జ్, బెల్టు కరిగి తారులా పుల్లీకి అంటుకుంది, ముల్లు విరిగింది. ఈ ఇంటివాళ్ళు కొత్తది కొనాల్సిన అవసరం ఇంకా రాలేదు. పుల్లీ మీది తారును స్పిరిట్‌తో తుడిచి, కొత్త బెల్టు వేసి, 100 చుట్ల పరీక్ష చేయాలి. చెయ్యి స్వేచ్ఛగా కదిలి, కార్ట్రిడ్జ్‌కు ముల్లు దొరికితే ఎల్పీలన్నీ దాని మీదికి. చెయ్యి పట్టేస్తే మాత్రం దాన్ని వదిలి, 78 కూడా ఆడే కొత్త డైరెక్ట్ డ్రైవ్ మిషనుకు డబ్బు కూడబెట్టుకోవాలి. ఫియస్టాకు రబ్బరు చక్రం, 78 వైపు ముల్లు వేయించి, దాని మీటను 78 వైపే ఉండేటట్టు చిన్న టేపు ముక్కతో అంటించేయాలి. ఎల్పీలు ఒక్కటి కూడా దాని మీదికి ఎక్కకూడదు. పద్యాల ప్లేట్లను వరసగా ఒక్కసారి దాని మీద ఆడించి, కంప్యూటర్‌లోకి ఎక్కించుకుంటే, ఊళ్ళో ఉన్నవాళ్ళూ కువైట్‌లో ఉన్నవాళ్ళూ ఫోన్‌లో వింటారు. ప్లేటు మీది పద్యం పండగకు ఒకసారి, అందరూ ఇంట్లో ఉన్నప్పుడు వేసుకోవచ్చు.